ఫైటింగ్ గేముల్లో మూవ్‌లు మార్చే టూల్స్: చెయ్యి చేరకముందే దెబ్బ తగులుతోంది, ఏం చేయాలి?

సుబేదారి_ప్యాడ్ (హనుమకొండ):

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. రాత్రి భోజనాలయ్యాక హాస్టల్‌లో నలుగురైదుగురం ఒక గదిలో చేరి, పాత ల్యాప్‌టాప్‌కు రెండు యూఎస్‌బీ ప్యాడ్‌లు తగిలించి అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 ఆడుకుంటాం. ఆ ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి స్ట్రీట్ ఫైటర్ 6, టెక్కెన్ 8 వంటివి దాని మీద నడిచే ప్రశ్నే లేదు. ఆన్‌లైన్‌లో మేము ఆడము.

నాకు నచ్చిన క్యారెక్టర్ జాంగీఫ్. ఒంట్లో బలం దండిగా ఉన్నా నడక మెల్లగా ఉండటంతో అతడు దగ్గరికి చేరేలోపే ఎదుటివాళ్లు ఫైర్‌బాల్స్ వేసి ఆపేస్తారు. అతడు నిలబడి కొట్టే గట్టి పంచ్ కొంచెం త్వరగా తగిలితే ఆట సమానమవుతుందని అనిపించి, అభిమానులు తయారుచేసిన ఓనో అనే టూల్ దించుకుని అందులో జాంగీఫ్ బీఏసీ ఫైలు తెరిచాను. ఆ పంచ్ స్క్రిప్టులో హిట్‌బాక్స్ (దెబ్బ తగిలే పెట్టె) మొదలయ్యే ఫ్రేమ్ సంఖ్యను నాలుగు తగ్గించి సేవ్ చేశాను. ఆటలో మార్పు కనిపించింది గానీ, జాంగీఫ్ చెయ్యి ఇంకా భుజం దగ్గరే ఉండగా ఎదుటి క్యారెక్టర్ దెబ్బ తిని వెనక్కి తూలుతున్నాడు. ఆ తర్వాత చెయ్యి తీరిగ్గా ముందుకు వస్తోంది. గదిలో ఉన్నవాళ్లందరికీ ఇది పెద్ద నవ్వులాటగా మారింది.

బొమ్మ, దెబ్బ రెండూ కలిసి త్వరగా రావాలంటే ఏం మార్చాలో చెప్పగలరా? అలాగే ఆటలో లేని కొత్త మూవ్ ఒకటి చేర్చడం ఈ టూల్స్‌తో సాధ్యమేనా? మా గదిలో ఒకడికి పేరిణి నాట్యం వచ్చు. వాడి అడుగులతో ఒక మూవ్ చేయాలని అందరికీ ఆశగా ఉంది. ఇలా ఫైళ్లు మారిస్తే స్టీమ్ ఖాతాకు ఏమైనా ఇబ్బంది వస్తుందా అన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు.

ఫ్రేమ్_లెక్కలు (కరీంనగర్):

తమ్ముడూ, నీ టూల్ తన పని సరిగ్గానే చేసింది. నువ్వు అడిగినంత మాత్రమే మార్చింది. మనం ఒక పంచ్ అని పిలిచేది ఫైలులో ఒకేచోట ఉండదు. తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించేది ఒకరు, మాట చెప్పేది ఒకరు, తాళం వేసేది మరొకరు అయినట్టు, ఇక్కడ కూడా ఏ బటన్లు నొక్కితే మూవ్ రావాలి, ఏ యానిమేషన్ ఆడాలి, దెబ్బ తగిలే పెట్టె ఎప్పుడు తెరుచుకోవాలి, తగిలాక ఎదుటివాడికి ఎంత నష్టం జరగాలి అనేవన్నీ వేర్వేరు చోట్ల రాసి ఉంటాయి. నువ్వు తాళం ఒక్కటే ముందుకు జరిపావు, బొమ్మ పాత వేగంతోనే నడుస్తోంది.

స్ట్రీట్ ఫైటర్ 4లో బటన్ల సంగతి, ఏ మూవ్‌ను మధ్యలో ఆపి ఏ మూవ్‌లోకి వెళ్లవచ్చన్న సంగతి బీసీఎమ్ ఫైలులో ఉంటాయి. మూవ్ లోపల ఏ ఫ్రేమ్‌లో ఏం జరగాలన్నది బీఏసీ ఫైలులో ఉంటుంది. యానిమేషన్ మాత్రం ఈఎమ్ఏ అనే మూడో ఫైలులో ఉంటుంది కాబట్టి ఓనోలో ఆ అంకె ఎంత మార్చినా బొమ్మ కదలిక మారదు. అయితే బొమ్మను కొత్తగా చేయనవసరం లేదు. బీఏసీ స్క్రిప్టు తెరిచినప్పుడు యానిమేషన్, హిట్‌బాక్స్, హర్ట్‌బాక్స్, క్యాన్సిల్స్ (ఒక మూవ్‌ను మధ్యలో ఆపి మరో మూవ్‌లోకి వెళ్లడం) వంటి వరుసల మధ్య స్పీడ్ అనే వరుస కూడా కనిపిస్తుంది. యానిమేషన్ ఏ ఫ్రేమ్ నుంచి ఏ ఫ్రేమ్ వరకు ఎంత వేగంతో నడవాలో చెప్పేది అదే. పంచ్ మొదటి భాగానికి అక్కడ వేగం పెంచితే చెయ్యి తొందరగా ముందుకు వస్తుంది. ముందు ఆ పని చేసి, హిట్‌బాక్స్‌ను ఆ తర్వాత జరుపు. చాలామంది ముందు అంకె మార్చి, దానికి బొమ్మను అతికించబోతారు. బొమ్మ ఎక్కడ ఉందో చూసి పెట్టెను దాని మీద పెట్టడమే సులువు, ఎందుకంటే కంటికి కనిపించేది బొమ్మ.

హర్ట్‌బాక్స్‌ను కూడా మరిచిపోవద్దు. చెయ్యి ముందుకు చాచినప్పుడు ఆ చేతి మీద కూడా దెబ్బ తినే పెట్టె ఒకటి ఉంటుంది. ఎదుటివాడు సరైన సమయానికి ఆ చేతినే కొట్టి మూవ్‌ను ఆపగలడు. నువ్వు హిట్‌బాక్స్ ముందుకు జరిపి హర్ట్‌బాక్స్‌ను పాత ఫ్రేముల్లోనే ఉంచితే, దెబ్బ కొట్టే చెయ్యి ఉంటుంది గానీ దెబ్బ తినే చెయ్యి ఉండదు. ఆడేవాడికి కారణం తెలియదు, కానీ ఈ పంచ్‌ను ఏదీ ఓడించడం లేదని మాత్రం అనుభవంలోకి వస్తుంది.

మరొక మాట. అల్ట్రాలో పాత కూర్పుల క్యారెక్టర్లను ఎంచుకునే ఎడిషన్ సెలెక్ట్ ఉంది కాబట్టి ఒకే జాంగీఫ్‌కు ఒక్కో కూర్పుకు ఒక్కో ఫైలు ఉంటుంది. నువ్వు మార్చిన ఫైలు ఒక కూర్పుది, ఆటలో ఎంచుకున్నది మరొక కూర్పు అయితే ఏ మార్పూ కనిపించదు. టూల్ పనిచేయడం లేదని జనం ఫిర్యాదు చేసే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇదే. అసలు ఫైలు కాపీ ఒకటి వేరే ఫోల్డర్‌లో దాచుకో. అది కూడా పోతే స్టీమ్‌లో గేమ్ ఫైళ్లను సరిచూసే ఏర్పాటు ఉంది, దానితో పాత ఫైలు తిరిగి వస్తుంది.

నీ రెండో ప్రశ్న గురించి మాత్రం నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కొత్త మూవ్ నేర్చుకోవడానికి స్ట్రీట్ ఫైటర్ 4 సరైన చోటు కాదు. మ్యూజెన్‌తో మొదలుపెట్టు. ఎలెక్‌బైట్ అనే బృందం 1999లో విడుదల చేసిన ఉచిత 2డీ ఫైటింగ్ ఇంజన్ అది. దాని క్యారెక్టర్ ఫైళ్లలో సగం మామూలు టెక్స్ట్ ఫైళ్లే కాబట్టి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. వాటన్నిటినీ ఒకే తెర మీద చూపించే ఫైటర్ ఫ్యాక్టరీ అనే టూల్ కూడా అభిమానులు చేసినదే. నీ ల్యాప్‌టాప్ దానిని ఇబ్బంది లేకుండా నడుపుతుంది.

గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్:

పై అన్న స్పీడ్ వరుస గురించి చెప్పినదంతా సరైనదే. మ్యూజెన్‌తో మొదలుపెట్టమన్న సలహాతో మాత్రం నేను ఏకీభవించను. మ్యూజెన్‌లో ప్రతిదీ తెరిచి ఉండటం వల్ల నేర్చుకునేవాడు వెంటనే కొత్త క్యారెక్టర్ చేయడంలోకి దూకుతాడు. వందల బొమ్మలు గీయడంలోనో వెతకడంలోనో నెలలు గడిచిపోతాయి, మూవ్ ఎలా పనిచేస్తుందన్నది మాత్రం అలాగే మిగిలిపోతుంది. ఇంటర్నెట్‌లో దొరికే మ్యూజెన్ క్యారెక్టర్లను పదింటిని దించుకుని ఒకదానితో ఒకటి ఆడించి చూస్తే ఈ మాట అర్థమవుతుంది. ఒకడు తాకితే చాలు చస్తాడు, ఇంకొకడు చావనే చావడు. ఒక కంపెనీ ఏళ్ల తరబడి సరిచేసిన ఆటలో ఒక్క మూవ్ మార్చి, మిగతా ఆట దానికి ఎలా ఎదురుతిరుగుతుందో చూడటం వల్ల వచ్చే తెలివి వేరు.

ఓనోలోనే ఉండి చేయగలిగిన పని చాలా ఉంది. ఉన్న యానిమేషన్‌నే తీసుకుని వేగం, పెట్టెలు, నష్టం మార్చి వేరే బటన్‌కు కట్టుకుంటే ఆడేవాడికి అది కొత్త మూవ్‌గానే కనిపిస్తుంది. క్యాప్‌కామ్ కూడా 2014 చివరిలో ఇదే ఆటకు ఒమేగా మోడ్ అని ఒకటి విడుదల చేసి, పాత క్యారెక్టర్లకు విచిత్రమైన మూవ్‌లు ఇచ్చింది. దానిలోని జాంగీఫ్‌ను మామూలు జాంగీఫ్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎలా మార్చారో నేర్చుకోవచ్చు.

తర్వాత ఎప్పుడైనా మంచి యంత్రం దొరికితే టెక్కెన్ 7 చూడండి. దాని కోసం అభిమానులు చేసిన మూవ్‌సెట్ ఎక్స్‌ట్రాక్టర్ అనే టూల్ ఫైలును తాకకుండా, నడుస్తున్న ఆట మెమరీలోంచే మూవ్‌సెట్‌ను, అంటే ఒక క్యారెక్టర్ మూవ్‌లన్నిటినీ, బయటికి తీసి, మార్చినదాన్ని మళ్లీ అందులోకే ఎక్కిస్తుంది. ఆట మూసేస్తే మార్పులు పోతాయి కాబట్టి ఏదైనా చెడిపోతుందన్న భయం తక్కువ. అక్కడ ప్రతి మూవ్‌కూ క్యాన్సిల్స్ అని ఒక జాబితా ఉంటుంది. నిలబడటం కూడా ఒక మూవే, దాని క్యాన్సిల్స్ జాబితాలోంచే పంచ్‌లూ కిక్‌లూ అన్నీ పుడతాయి. దాన్ని మొదటిసారి చూసినప్పుడు ఫైటింగ్ గేమ్ మీద మన ఆలోచనే మారిపోతుంది.

సుబేదారి_ప్యాడ్:

ఇద్దరు అన్నలకూ ధన్యవాదాలు. స్పీడ్ వరుసలో వేగం పెంచాక చెయ్యి, దెబ్బ ఒకేసారి వస్తున్నాయి. హర్ట్‌బాక్స్ కూడా జరిపాను. అది చూసి ఉత్సాహం వచ్చి, పంచ్ తర్వాత చెయ్యి వెనక్కి తీసుకునే భాగానికి కూడా వేగం పెంచాను. ఇప్పుడు వేరే సమస్య మొదలైంది. ఎదుటివాడు మూలకు చేరాక ఆ ఒక్క పంచ్ నొక్కుతూ ఉంటే చాలు, ప్రాణం అయిపోయే వరకు అతడు కదలలేకపోతున్నాడు. బ్లాక్ చేసినా ఎదురుదెబ్బ కొట్టడానికి సందు దొరకడం లేదట. నష్టం సగానికి తగ్గించి చూశాను. చావడానికి ఎక్కువసేపు పడుతోంది, అంతే. మా గదిలో జాంగీఫ్‌ను నిషేధించారు.

ఫ్రేమ్_లెక్కలు (కరీంనగర్):

నిషేధం న్యాయమైనదే. నష్టం తగ్గించడం ఈ జబ్బుకు మందు కాదు, ఎందుకంటే జబ్బు కాలంలో ఉంది. కాగితం తీసుకుని లెక్క వేద్దాం. అంకెలు జాంగీఫ్‌వి కావు, లెక్క తెలియడానికి నేను వేసుకున్నవి.

ఆట సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంది. ఒక పంచ్ 7వ ఫ్రేమ్‌లో తగలడం మొదలై, 4 ఫ్రేముల పాటు హిట్‌బాక్స్ తెరిచి ఉండి, ఆ తర్వాత 12 ఫ్రేముల్లో చెయ్యి వెనక్కి వస్తుందని అనుకుందాం. తగిలినవాడు 18 ఫ్రేములు తూలుతూ ఉంటాడు. హిట్‌బాక్స్ తెరిచిన మొదటి ఫ్రేమ్‌లోనే పంచ్ తగిలితే కొట్టినవాడికి ఇంకా 3 ఫ్రేముల హిట్‌బాక్స్, 12 ఫ్రేముల వెనకడుగు (చెయ్యి వెనక్కి వచ్చే కాలం), మొత్తం 15 మిగిలి ఉంటాయి. 18లోంచి 15 తీసేస్తే 3 ఫ్రేములు కొట్టినవాడికి లాభం. తర్వాతి పంచ్ 7వ ఫ్రేమ్‌లో గానీ రాదు కాబట్టి ఎదుటివాడు ఈలోగా తేరుకుంటాడు. ఆట ఇలా ఉండాలి.

ఇప్పుడు వెనకడుగును 12 నుంచి 6కు తగ్గిస్తే మిగిలేది 9, లాభం కూడా 9 అవుతుంది. ఎదుటివాడు 9 ఫ్రేములు తూలుతుండగా మన రెండో పంచ్ 7వ ఫ్రేమ్‌కే చేరుకుంటుంది, మూడోది కూడా అలాగే. నడిమధ్యలో ఆడుతున్నప్పుడు ప్రతి దెబ్బకూ ఎదుటివాడు కొంచెం వెనక్కి జరుగుతాడు కాబట్టి రెండు మూడు పంచ్‌ల తర్వాత అందడు. మూలలో జరగడానికి జాగా లేదు. అక్కడ కొట్టినవాడినే వెనక్కి నెట్టే ఏర్పాటు ఆటలో ఉన్నా, జాంగీఫ్ చేతి పొడవుకు అది సరిపోవడం లేదు.

బ్లాక్ సంగతి కూడా ఇదే. బ్లాక్ చేసినవాడు 14 ఫ్రేములు ఆగాడనుకుంటే పాత పంచ్‌కు కొట్టినవాడికే 1 ఫ్రేమ్ నష్టం, కొత్త పంచ్‌కు 5 ఫ్రేముల లాభం. అతడు విడుదలయ్యాక తన 3 ఫ్రేముల చిన్న పంచ్ నొక్కినా అది 8వ ఫ్రేమ్‌కు వస్తుంది, మనది 7వ ఫ్రేమ్‌కే వచ్చి కూర్చుంటుంది. షోర్యూకెన్ లాగా, వేస్తుండగా తనకు దెబ్బ తగలని మూవ్ ఉన్నవాడు ఆ సందులోంచి బయటపడగలడు, మిగతావాళ్లు పడలేరు.

కాబట్టి వెనకడుగు 6 గానే ఉంచాలన్న పట్టుదల ఉంటే ఎదుటివాడు తూలే కాలాన్ని 18 నుంచి 14కు దించు. 14లోంచి 9 తీసేస్తే లాభం 5. 7వ ఫ్రేమ్ పంచ్ అందదు, గొలుసు తెగుతుంది. బ్లాక్ చేసినప్పటి కాలాన్ని కూడా నాలుగైదు తగ్గించాలి. కౌంటర్ హిట్ పడితే, అంటే ఎదుటివాడు తన దెబ్బ మొదలుపెడుతుండగా మనది తగిలితే, ఈ ఆటలో గట్టి దెబ్బలకు మరో 3 ఫ్రేములు కలుస్తాయి, అప్పుడు లాభం 8 అయి రెండో పంచ్ తగులుతుంది. కానీ కౌంటర్ హిట్ మొదటి దెబ్బకే వర్తిస్తుంది కాబట్టి అక్కడితో ఆగిపోతుంది. ఆ మాత్రం బహుమతి జాంగీఫ్‌కు ఇవ్వవచ్చని నా ఉద్దేశం.

నష్టం తగ్గించినా ఎందుకు ఫలితం లేదో కూడా చెబుతాను. ఈ ఆటలో కాంబో (తేరుకోనివ్వకుండా వరుసగా తగిలే దెబ్బలు) పొడవయ్యేకొద్దీ నష్టం దానంతట అదే తగ్గుతుంది: మూడో దెబ్బకు 80 శాతం, నాలుగో దెబ్బకు 70 శాతం, అలా దిగుతూ 10 శాతం దగ్గర ఆగుతుంది. సున్నాకు మాత్రం చేరదు. తెగని గొలుసుకు 10 శాతమైనా చాలు.

ఒక పక్కమాట. మూవ్‌ల వేగంతో ఇలా ఆడుకోవడం మన తరంలో పుట్టినది కాదు. 1992లో స్ట్రీట్ ఫైటర్ 2 ఛాంపియన్ ఎడిషన్ బోర్డులను ఎవరో మార్చి రెయిన్‌బో ఎడిషన్ పేరుతో ఆర్కేడ్‌లలోకి వదిలారు. అందులో గాలిలో ఉండగానే ఫైర్‌బాల్స్ వేయవచ్చు, పోటీ మధ్యలో క్యారెక్టర్ మార్చవచ్చు. ఆట మొత్తం పిచ్చి వేగంతో సాగుతుంది. సమతూకం అన్నది దానిలో లేదు. అయినా జనం దాని మీద పడటం చూసి క్యాప్‌కామ్ అదే సంవత్సరం చివరిలో వేగం పెంచిన హైపర్ ఫైటింగ్ కూర్పును తెచ్చింది. చున్ లీ గాలిలో వాడే మూవ్ ఆ కూర్పులోనే వచ్చింది.

రామప్ప_దారి (ములుగు):

పేరిణి సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను. సెకండ్‌షిఫ్ట్ అన్న చెప్పిన హెచ్చరిక సరైనదే అయినా, స్నేహితుడి శరీరం ఆటలోకి రావాలంటే మ్యూజెన్ తప్ప మీ యంత్రానికి దగ్గరి దారి లేదు. దానికి బదులు ఇకెమెన్ గో వాడినా పర్వాలేదు; అది మ్యూజెన్ క్యారెక్టర్లను చదవగల ఓపెన్ సోర్స్ ఇంజన్, ఇప్పటికీ అభివృద్ధి జరుగుతోంది.

కొత్త క్యారెక్టర్ మొత్తం చేయవద్దు. మ్యూజెన్‌తో పాటు కుంగ్ ఫూ మ్యాన్ అనే క్యారెక్టర్ వస్తాడు. అతడి ఫోల్డర్‌ను కాపీ చేసి పేరు మార్చి, అందులో ఒక్క మూవ్‌ను మాత్రమే మార్చండి. ఫైలులో ఒక్కో మూవ్‌ను స్టేట్ అని ఒక్కో అంకె కింద రాస్తారు. నిలబడి కొట్టే చిన్న పంచ్ అతడి ఫైలులో 200వ స్టేట్, గట్టి పంచ్ 210వ స్టేట్, అరచేతి స్పెషల్ మూవ్ 1000వ స్టేట్. మీరు 1700 వంటి ఖాళీ అంకె ఏదైనా తీసుకుని దాని కింద కొత్త మూవ్ రాసుకోవచ్చు. ముందు ఆ అంకె ఎక్కడా వాడలేదని ఫైలులో వెతికి చూసుకోండి.

పేరిణిలో నాకు ఆటకు పనికివస్తుందని తోచేది పాదం నేలకేసి బలంగా కొట్టే అడుగు. స్నేహితుణ్ణి పక్క నుంచి ఫొటోలు తీయండి. ఫోన్‌ను స్టాండు మీద కదలకుండా పెట్టాలి, వెనక ఒకే రంగు గుడ్డ ఉండాలి, వెలుతురు మారకూడదు. మోర్టల్ కాంబ్యాట్ మొదటి ఆటను 1992లో ఇలాగే నటుల చిత్రాలతో చేశారు. పాదం ఎత్తడం, పై అంచుకు చేరడం, దిగడం, నేలను తాకడం, మోకాలు వంగిన నిలుపు, తిరిగి లేవడం: ఈ ఆరు బొమ్మలు చాలు, ఎక్కువ తీస్తే అడుగులోని విసురు పోతుంది. ప్రతి బొమ్మకూ యాక్సిస్ అని ఒక బిందువు పెట్టాలి. నేలను ఆనుకుని ఉన్న కాలి మడమ దగ్గర దాన్ని పెడితే మూవ్ ఆడుతున్నప్పుడు మనిషి ముందుకూ వెనక్కూ జారినట్టు కనిపించడు.

యానిమేషన్ ఫైలులో ఒక్కో బొమ్మకు ఒక్కో వరుస ఉంటుంది. ఉదాహరణకు 1700, 3, 0, 0, 2 అని రాస్తే 1700 గుంపులోని 3వ బొమ్మ, అడ్డంగానూ నిలువుగానూ జరపకుండా, 2 టిక్‌ల పాటు కనిపించాలని అర్థం. టిక్ అంటే సెకనులో అరవయ్యో వంతు. పాదం ఎత్తిన బొమ్మకు 6 టిక్‌లు, దిగే బొమ్మకు 1, నేలను తాకిన బొమ్మకు 4, వంగిన నిలుపుకు 10 ఇవ్వండి. ఎత్తడంలో ఆలస్యం, దిగడంలో మెరుపు ఉంటేనే ఆ అడుగుకు బరువు వస్తుంది. అన్నిటికీ సమానంగా 4 చొప్పున ఇచ్చి చూడండి, మెట్లు ఎక్కుతున్నట్టు ఉంటుంది.

నేలను తాకిన బొమ్మ మీద ఎరుపు పెట్టె గీయండి, అది కొట్టేది. నీలం పెట్టె దెబ్బ తినేది. దెబ్బ వివరాలు రాసే హిట్‌డెఫ్ అనే భాగంలో గార్డ్‌ఫ్లాగ్ దగ్గర ఎల్ అని మాత్రమే రాస్తే ఎదుటివాడు కూర్చుని బ్లాక్ చేస్తే తప్ప ఆగదు. ఆ హిట్‌డెఫ్ ఎప్పుడు మొదలవాలో చెప్పే ట్రిగ్గర్‌లో నేలను తాకిన బొమ్మ వరుస సంఖ్యను ఇవ్వండి. కొందరు అక్కడ ఉత్త 1 అని రాస్తారు; అలా రాస్తే హిట్‌డెఫ్ ప్రతి టిక్‌కూ కొత్తగా పుట్టి, ఒక్క అడుగుకు ఎదుటివాడు గబగబా నాలుగైదు దెబ్బలు తింటాడు. గజ్జెల చప్పుడును దెబ్బ తగిలినప్పుడు కాకుండా పాదం నేలను తాకినప్పుడు వినిపించేలా పెట్టండి, దెబ్బ తప్పినా గజ్జె మోగాలి కదా. తెర కొంచెం కదలాలంటే ఎన్వ్‌షేక్ ఉంది, పొదుపుగా వాడండి.

బటన్ల ఫైలులో ఒక చిక్కు ఉంది. స్టేట్ మైనస్ 1 కింద మూవ్‌లను పై నుంచి కిందికి వరుసగా సరిచూస్తారు, ముందు ఏది కుదిరితే అదే వస్తుంది. మీ కొత్త మూవ్‌కు కింద, కింద అని నొక్కి కిక్ బటన్ పెట్టారనుకుంటే, మామూలు కిక్ దానికి పైన ఉన్నంతకాలం ఎంత నొక్కినా మామూలు కిక్కే వస్తుంది. కొత్త మూవ్‌ను జాబితాలో పైకి జరపండి.

మంచిర్యాల_నెట్‌కోడ్:

ఖాతా గురించి అడిగిన దానికి నా సమాధానం. మీరు ఒకే యంత్రం మీద, ఆన్‌లైన్‌కు వెళ్లకుండా ఆడుతున్నంతవరకు మీ మార్పు మీ గదిలోనే ఉంటుంది. అయినా మార్చిన ఫైళ్లతో ఆన్‌లైన్ పోటీలో అడుగుపెట్టవద్దు. అది నిబంధనలకు విరుద్ధమన్నది ఒక సంగతి, అసలు ఆట సాగదన్నది మరొకటి.

ఫైటింగ్ గేములు ఆన్‌లైన్‌లో క్యారెక్టర్ ఎక్కడ ఉన్నాడో, ఎంత ప్రాణం మిగిలిందో ఒకరికొకరు పంపుకోవు. ఏ ఫ్రేమ్‌లో ఏ బటన్ నొక్కారన్నది మాత్రమే పంపుకుంటాయి; మిగతా ఆటనంతా రెండు యంత్రాలూ ఎవరికి వారే లెక్కిస్తాయి. రెండు చోట్లా ఫైళ్లు ఒకటే అయితే లెక్క ఒకటే వస్తుంది. మీ యంత్రంలో పంచ్ 7వ ఫ్రేమ్‌లో తగిలి, అవతలి యంత్రంలో 11వ ఫ్రేమ్‌లో తగిలితే ఇక్కడ అతడు పడిపోయి ఉంటాడు, అక్కడ నిలబడి మిమ్మల్ని కొడుతూ ఉంటాడు. అక్కడి నుంచి ఇద్దరూ వేర్వేరు ఆటలు ఆడుతున్నట్టే. రోల్‌బ్యాక్ ఉన్న ఆటల్లోనూ ఇంతే, ఎందుకంటే అది బటన్లను ఊహించి సరిచేస్తుంది గానీ ఫైళ్ల తేడాను సరిచేయలేదు. కాబట్టి కొట్టే బలం పెంచుకుని ఆన్‌లైన్‌లో గెలుద్దామనుకునేవాడికి ఈ టూల్స్ పనికిరావు. ఇద్దరూ ఒకే మార్పును పెట్టుకుని, ఒప్పుకుని ఆడుకుంటేనే పనిచేస్తాయి. నింటెండో స్మాష్ బ్రదర్స్ బ్రాల్ ఆట మీద అభిమానులు 2011 నుంచి 2015 వరకు నడిపిన ప్రాజెక్ట్ ఎమ్ అలా పెద్దదైనదే. క్యారెక్టర్ల మూవ్‌లన్నిటినీ తిరగరాసి, దానితో టోర్నమెంట్లు కూడా ఆడారు. చేసేవాళ్లు 2015 డిసెంబరులో పని ఆపేసినా దాని కొనసాగింపులు ఇంకా ఉన్నాయి.

కంపెనీల వైఖరి విషయానికొస్తే, క్యాప్‌కామ్ 2023లో తమ సాంకేతిక ప్రసంగం ఒకదానిలో మాడ్‌లలో (ఆడేవాళ్లు ఆటలో చేసే మార్పుల్లో) చాలావాటి వల్ల ఆటకు మేలు జరగవచ్చని ఒప్పుకుంటూనే, రక్షణ లెక్కలో మాత్రం తాము అధికారికంగా అనుమతించనివాటన్నిటినీ చీటింగ్‌గానే చూస్తామని చెప్పింది. పాత ఆటల సంగతి కొంత నయం గానీ, స్ట్రీట్ ఫైటర్ 6 వంటి కొత్త ఆటల్లో మూవ్ ఫైళ్లు మార్చాలనుకునేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. మ్యూజెన్‌కు ఈ బెడద లేదు. అయితే వేరే ఆటల బొమ్మలు తెచ్చి పెట్టి డబ్బుకు అమ్మడం మాత్రం కుదరదు.

టూల్ ఎక్కడి నుంచి దించుకుంటున్నారో కూడా చూసుకోండి. ఓనో వంటి పాత టూల్స్ అసలు లంకెలు పనిచేయక, పేరు తెలియని సైట్లలో జిప్ ఫైళ్లుగా దొరుకుతుంటాయి. హాస్టల్‌లో నలుగురి ప్రాజెక్టు ఫైళ్లు ఉన్న యంత్రం మీద అలాంటిదాన్ని నడిపే ముందు యాంటీవైరస్‌తో ఒకసారి చూడటం మంచిది.

సుబేదారి_ప్యాడ్:

తూలే కాలం 14కు దించాక మూలలో గొలుసు తెగింది. బ్లాక్ కాలం కూడా తగ్గించాను. జాంగీఫ్ మీద నిషేధం ఎత్తేశారు గానీ, మార్చిన ఫైలు ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద గొడవ నడుస్తోంది. పేరిణి అడుగు ఫొటోలు ఆదివారం తీస్తున్నాం. రామప్ప దారి అన్నా, వెనక కట్టడానికి మా దగ్గర ఎర్ర దుప్పటి ఒకటే ఉంది, వాడి దుస్తుల్లోనూ ఎరుపు ఉంది. ఆకుపచ్చ గుడ్డే కావాలా?

రామప్ప_దారి (ములుగు):

ఆకుపచ్చే కానక్కరలేదు, దుస్తుల్లోనూ ఒంటి రంగులోనూ లేని రంగు ఏదైనా చాలు. ఎర్ర దుప్పటి మాత్రం వద్దు; రంగు తీసేసేటప్పుడు దుస్తులకు చిల్లులు పడతాయి. హనుమకొండ చౌరస్తాలో బట్టల దుకాణాల దగ్గర ముదురు నీలం లైనింగ్ గుడ్డ మూడు మీటర్లు అడగండి, మెరుపు లేనిది చూసి తీసుకోండి. నేల మీద కూడా అదే గుడ్డ పరచాలి, లేకపోతే పాదం అంచులు కత్తిరించలేక అక్కడే ఆగిపోతారు.